కరెంటు పెట్టిన దవడ



నోటి క్యాన్సర్‌కో, గొంతు క్యాన్సర్‌కో రేడియేషన్ తీసుకుని గండం గడిచి బయటపడ్డవాళ్ళ కోసం, వాళ్ళకు వండి పెట్టేవాళ్ళ కోసం ఈ పూట మాట్లాడుతున్నాను. రేడియేషన్‌ను మనవైపు కరెంటు పెట్టించుకోవడం అంటారు. ఆరేడు వారాలు, వారానికి ఐదు రోజుల చొప్పున, ముఖానికి ప్లాస్టిక్ ముసుగు బిగించి బల్ల మీద కదలకుండా పడుకోబెడతారు. చివరి వారాల్లో నోరంతా పుండై, మంచినీళ్ళు మింగాలన్నా కళ్ళవెంట నీళ్ళొస్తాయి. ఆఖరి రోజున ముసుగు విప్పగానే ఇంటిల్లిపాదీ ‘హమ్మయ్య, అయిపోయింది’ అనుకుంటారు. చాలామందికి క్యాన్సర్ నిజంగానే అయిపోతుంది. నోటిలో పుళ్ళూ కొన్ని వారాల్లో మానతాయి. దవడ ఎముక సంగతి మాత్రం వేరు.

రెండేళ్ళకో, ఐదేళ్ళకో, కొందరికి పదిహేనేళ్ళు దాటాకో, కింది దవడలో ఒక పన్ను పుచ్చి సలుపుతుంది. దగ్గర్లో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గర తీయించుకుంటారు. మామూలు మనిషికైతే ఆ గాయం కొద్ది రోజుల్లోనే పూడుకుంటుంది. వీళ్ళకు నెల దాటినా పూడదు. నాలుకతో తడిమితే గరుకుగా, పదునుగా ఏదో తగులుతుంది. పన్ను ముక్క మిగిలిపోయిందేమో అనుకుంటారు. అది పన్ను కాదు. చిగురు విడిపోయి బయటపడ్డ దవడ ఎముక.

వైద్యులు దీన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. రేడియేషన్ సోకిన ఎముక చచ్చుబడి, మూడు నెలలైనా చిగురు కప్పకుండా బయటికి కనిపిస్తూనే ఉండి, అక్కడ క్యాన్సర్ మళ్ళీ రాలేదని తేలితే, ఆ పేరు పెడతారు. ఇది కొత్త జబ్బేమీ కాదు. పారిస్ రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన క్లాడ్ రెగో అనే వైద్యుడు 1922లోనే దీని గురించి రాశాడు. నూరేళ్ళు దాటింది. అయినా మన దగ్గర క్యాన్సర్ తగ్గి ఇంటికెళ్ళే మనిషికి దీని గురించి ఒక్క ముక్క చెప్పేవాళ్ళు తక్కువ. నా బాధంతా అదే.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే, ఏం చెయ్యకూడదో మీకే అర్థమవుతుంది. పై దవడకు నాలుగు వైపుల నుంచీ చిన్న చిన్న రక్తనాళాలు చేరుతుంటాయి. కింది దవడ ఎముక గట్టిది, దట్టమైనది. దానికి రక్తం ఎక్కువగా ఎముక లోపలి సన్నటి దారిగుండా వెళ్ళే ఒకే నాళం నుంచి అందాలి. కృష్ణా డెల్టాలో కాలువ చివరి చేను ఉన్న రైతుకు ఈ పరిస్థితి చెప్పనక్కర్లేదు. పైన నీళ్ళు పుష్కలంగా ఉన్నంతకాలం చివరి చేనూ పండుతుంది. కాలువ పూడటం మొదలైతే ముందు ఎండేది అదే. రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపుతూనే ఆ సన్నటి నాళాలనూ కొద్దికొద్దిగా మూసేస్తుంది, చుట్టూ ఉన్న మెత్తటి కండను గట్టి పీచుగా మారుస్తుంది. ఈ మార్పు చికిత్సతో ఆగదు, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి సాగుతుంది. రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు. అరవై గ్రేలు దాటిన మోతాదు పడిన ఎముకకు ముప్పు ఎక్కువ. తల, మెడ క్యాన్సర్లకు మామూలుగా ఇచ్చే మోతాదు అరవై నుంచి డెబ్భై గ్రేలు. అంటే నయం చేసిన మోతాదే ఎముకనూ దెబ్బతీస్తుంది. ఇందులో డాక్టరు పొరపాటు చేశాడని అనుకోనక్కర్లేదు.

అలాంటి ఎముక దెబ్బ తగలనంతకాలం ఎలాగోలా నెట్టుకొస్తుంది. పన్ను పీకినప్పుడు కొత్త కణాలు, కొత్త నాళాలు పుట్టి గాయాన్ని పూడ్చాలి. ఆ శక్తి దానికి లేదు. అమెరికాలో రాబర్ట్ మార్క్స్ అనే సర్జన్ 1983లో ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పాడు: ఆ ఎముకలో ప్రాణవాయువు తక్కువ, రక్తనాళాలు తక్కువ, కణాలు తక్కువ. కట్టుడు పళ్ళు ఒరుసుకున్నా ఇదే జరగొచ్చు. కొందరికి ఏ దెబ్బా తగలకుండానే వస్తుంది.

రేడియేషన్ తీసుకున్న అందరికీ ఇది రాదు. ఇప్పటి యంత్రాలతో చికిత్స పొందినవాళ్ళలో నూటికి పదిమంది లోపే అని చాలాచోట్ల లెక్కలు చెబుతున్నాయి. కానీ మన దగ్గర నోటి క్యాన్సర్లు ఎక్కువ. గుట్కా, ఖైనీ, కిళ్ళీ బుగ్గన పెట్టుకునే అలవాటు వల్ల, బుగ్గకూ కింది చిగురుకూ మధ్య సందులో క్యాన్సర్ పుడుతుంది. ఆ సందుకు ఆనుకునే కింది దవడ ఎముక ఉంటుంది. అక్కడి క్యాన్సర్‌కు రేడియేషన్ ఇస్తే ఆ ఎముక తప్పించుకోవడం కష్టం.

ఇప్పుడు అసలు మాట. రేడియేషన్ తీసుకున్న మనిషి నోట్లో పన్ను పీకడం చిన్న పని కాదు. పదేళ్ళయినా కాదు, ఇరవై ఏళ్ళయినా కాదు. నొప్పి తట్టుకోలేక ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికో, రోడ్డు పక్క పళ్ళు కట్టేవాళ్ళ దగ్గరికో వెళ్ళి ఇంజక్షన్ చేయించుకుని పీకించుకున్నవాళ్ళను నేను చూశాను. వంద రూపాయలతో పోయిందనుకున్న నొప్పి దవడ సగం కోసి తీసేదాకా వెళ్ళింది. పట్నంలో డిగ్రీ ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, మీరు చెప్పకపోతే ఆయనకు తెలియదు. ఎన్నో ఏళ్ళ కిందటి మాట కదా అని మీరు చెప్పరు, ఆయన అడగరు. అందుకే మీ చికిత్స ఫైలు జాగ్రత్తగా దాచుకోండి. అందులో ఏ వైపు రేడియేషన్ ఇచ్చారు, మొత్తం ఎన్ని గ్రేలు ఇచ్చారు, ఏ తేదీల్లో ఇచ్చారు అనేవి ఉండాలి. లేకపోతే చికిత్స జరిగిన ఆసుపత్రిలో అడిగి రాయించుకోండి. ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, పిల్లల ఫోన్లలోనూ ఉంచండి. పళ్ళ డాక్టరు నోరు తెరవమనగానే ముందు ఆ ఫోటో చూపించండి.

పన్ను పుచ్చినా చాలాసార్లు పీకనక్కర్లేదు. రూట్ కెనాల్ చేసి ఉంచొచ్చు. పన్ను నిలవదనుకుంటే, రూట్ కెనాల్ చేసి పైభాగం కోసేసి, వేరును ఎముకలోనే వదిలేయొచ్చు. చూడటానికి బాగుండకపోవచ్చు, కానీ ఎముక పదిలంగా ఉంటుంది. పీకక తప్పని పరిస్థితి వస్తే, రేడియేషన్ ఏ భాగంలో ఎంత పడిందో చూసి, యాంటీబయాటిక్ ఇచ్చి, ఎముకకు వీలైనంత తక్కువ దెబ్బ తగిలేలా తీయాలి. దాన్ని ఈ జబ్బు తెలిసిన నోటి సర్జన్ చేతికే అప్పగించండి. రేడియేషన్ పడని వైపు పళ్ళకు ఇంత భయం లేదు. ఆ తేడా చెప్పేదీ ఆ ఫైలే.

పళ్ళు పుచ్చకుండా చూసుకోవడం అన్నిటికంటే చౌక. రేడియేషన్ తర్వాత లాలాజలం ఎండిపోతుంది. నోట్లో ఊరే ఆ నీరే ఇన్నాళ్ళూ పళ్ళను కడుగుతూ కాపాడింది. అది లేకపోయేసరికి పళ్ళు చిగురు దగ్గర చుట్టూ పుచ్చి, కొన్నాళ్ళకు మొదలంటా విరిగి రాలిపోతాయి. నోరు ఎండిపోతోందని చాలామంది పిప్పరమెంట్లు చప్పరిస్తారు, కూల్‌డ్రింకులు గుటకలు గుటకలుగా తాగుతారు, బెల్లం వేసిన రాగిజావ రోజంతా కొంచెం కొంచెంగా తాగుతుంటారు. పళ్ళకు వీటికి మించిన చేటు లేదు. తడికి మంచినీళ్ళే తాగండి. జావ మంచిదే, అయితే ఒకేసారి తాగి నోరు పుక్కిలించండి. లీటరు నీళ్ళలో ఒక టీ చెంచా ఉప్పు, ఒక టీ చెంచా వంటసోడా కలిపి ఉంచుకుని, రోజుకు ఐదారుసార్లు పుక్కిలించి ఉమ్మేయండి. మెత్తటి బ్రష్ వాడండి. బొగ్గుపొడి, వేపపుల్ల, చిగుళ్ళ మీద వేలితో రుద్దడం ఇవన్నీ ఇక వద్దు. చికిత్సకు ముందు నలభై ఏళ్ళు వేపపుల్లతోనే తోముకున్నా సరే, ఆ చిగురు ఇప్పుడు లేదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న జెల్‌ను పళ్ళ డాక్టరు రాసిస్తారు. పళ్ళకు సరిపడే పలచటి తొడుగు చేయించుకుని అందులో ఆ జెల్ వేసి రోజూ కాసేపు పెట్టుకోవాలి. రోజూ అంటే రోజూనే. బతికినన్నాళ్ళూ.

ఇంత జాగ్రత్తపడ్డా ఎముక బయటపడిందనుకోండి. అప్పుడు చాలామందికి ముందు వచ్చే భయం క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని. ఆ భయంతోనే కొందరు ఆసుపత్రికి రావడం మానేస్తారు, తెలియకపోతేనే నయమనుకుంటారు. రండి. వారం లోపే రండి. చిగురు మానకపోవడం, నోటి దుర్వాసన, దవడ నొప్పి, కింది పెదవి మొద్దుబారడం, ఉన్నట్టుండి పళ్ళు కదలడం, చెంప మీదో గడ్డం కిందో చిన్న రంధ్రం పడి చీము కారడం, ఇవన్నీ పరీక్ష చేయించుకోవాల్సిన గుర్తులే. దవడ ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీస్తారు. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చచ్చిన ఎముక అని తేలితే ఊపిరి పీల్చుకోవచ్చు. దీన్ని మోయడం కష్టమే కానీ, అది క్యాన్సర్ కాదు.

చికిత్స ఎముక ఎంతవరకు చెడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. పైపొరలో కొంచెమే బయటపడితే పుక్కిలింతలు, అవసరమైనప్పుడు యాంటీబయాటిక్‌లు, పదునైన అంచును నునుపు చేయడం సరిపోవచ్చు. కొన్నాళ్ళకు చచ్చిన ముక్క తనంతట తానే విడిపడి నోట్లోకి వస్తుంది. తెల్లటి ఎముక తునక చేతిలో పడితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ అది శరీరం పనికిరానిదాన్ని బయటికి నెట్టే పద్ధతి. దాని కింద చిగురు కొన్నిసార్లు చక్కగా మూసుకుంటుంది. ముక్క కదులుతోందని మీరే లాగకండి.

ఫ్రాన్స్ వైద్యులు కాళ్ళలో రక్తప్రసరణకు వాడే పెంటాక్సిఫిల్లిన్ అనే మాత్రను, విటమిన్-ఇ తో కలిపి నెలల తరబడి వాడారు. కొందరికి ఎముక మీద చిగురు మళ్ళీ కప్పుకుంది. పెద్ద పరీక్షల్లో ఇంకా గట్టిగా రుజువు కాకపోయినా, ఖర్చు తక్కువ కాబట్టి చాలామంది వైద్యులు ప్రయత్నిస్తారు. రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్ళు అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు.

ఆక్సిజన్ గది గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే మనవాళ్ళు దానికోసం పొలం తాకట్టు పెడుతున్నారు. గాలి ఒత్తిడి పెంచిన గదిలో కూర్చోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. పన్ను తీసే ముందు ఇరవైసార్లు, తీశాక పదిసార్లు అన్న పద్ధతిని మార్క్స్ 1980లలో ప్రచారంలోకి తెచ్చాడు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది: ప్రాణవాయువు తక్కువైన ఎముకకు ప్రాణవాయువు అందించడం. కానీ 2004లో ఫ్రాన్స్‌లో, చెడిన ఎముక ఉన్నవాళ్ళ మీద చేసిన పరీక్షలో ఉపయోగం కనబడక, దాన్ని మధ్యలోనే ఆపేశారు. 2019లో బ్రిటన్ వైద్యులు హోపన్ అనే పరీక్ష ఫలితాలు ప్రచురించారు. రేడియేషన్ పడిన దవడలో పన్ను తీయించుకోవాల్సినవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ ఆక్సిజన్ ఇచ్చారు. ఆక్సిజన్ తీసుకున్నవాళ్ళలో 6.4 శాతం మందికి, తీసుకోనివాళ్ళలో 5.7 శాతం మందికి ఎముక చెడింది. లాభమేమీ లేదన్నమాట. కాబట్టి ఎవరైనా ఇది తప్పదంటే, నాకు ప్రత్యేకంగా ఎందుకు కావాలి అని అడగండి. జవాబు విన్నాకే డబ్బు కట్టండి.

ఎముక బాగా చెడి, దవడ విరిగినప్పుడు, చెంప మీద రంధ్రం పడి మానకపోయినప్పుడు ఆపరేషన్ ఒక్కటే దారి. చచ్చిన భాగం కోసి తీసేసి, కాలి పిక్క పక్కనుండే ఫిబులా అనే సన్నటి ఎముకను, దాని రక్తనాళంతో సహా తెచ్చి, దవడ ఆకారంలో మలిచి, మెడలోని నాళాలకు కుడతారు. దవడకు ఈ ఎముకను వాడటం 1989లో న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో మొదలుపెట్టాడు. రోజంతా పట్టే పెద్ద ఆపరేషన్ ఇది. కాలు పోతుందేమోనని అందరూ అడుగుతారు. మన బరువు మోసేది పక్కనున్న పెద్ద ఎముక కాబట్టి నడక మళ్ళీ వస్తుంది. ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్యసేవలో ఏయే ఆపరేషన్లకు సాయం అందుతుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

ఇక రోజూ గడిపే బతుకు గురించి. ఇది ఏ ప్రిస్క్రిప్షన్‌లోనూ ఉండదు.

మన మనిషికి భోజనమంటే కారం. ఆవకాయ లేని అన్నం ముద్ద దిగదు. ఎండిన నోటికి ఆ కారం నిప్పే. జంతికలు, చేగోడీలు, సకినాలు పెళుసుగా ఉండి చిగురును గీరతాయి. అయితే కారం మానేయమంటే చప్పిడి కూడే గతి అనుకోవద్దు. నెయ్యి వేసిన ముద్దపప్పు, పెసరకట్టు, కమ్మటి పెరుగన్నం, పాలలో నానబెట్టిన ఇడ్లీ, మెత్తగా వండిన గుడ్డు, గుమ్మడికాయ కూర, నువ్వులు నూరి పలచగా కలిపిన పచ్చడి, ఇవన్నీ రుచిగానే ఉంటాయి. వండేవాళ్ళు వేడి బాగా తగ్గాక పెట్టండి. బరువు వారం వారం చూసుకోండి. నెలలో రెండు మూడు కిలోలు తగ్గితే డాక్టరుకు చెప్పండి. తిండి సరిగా అందని ఒంట్లో ఏ గాయమూ మానదు.

నోరు తెరవడం కూడా తగ్గుతుంది. మన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడితే తెరవడం బాగున్నట్టు. రెండే పడుతున్నాయంటే కండరం పట్టేస్తోంది. చెక్క పుల్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని, రోజుకు కొన్నిసార్లు మెల్లగా సాగదీసే వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. కానీ ఎముక అప్పటికే చెడి పలచబడితే ఆ వ్యాయామంతోనే విరిగే ప్రమాదముంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టండి.

దుర్వాసన గురించి ఎవరూ మాట్లాడరు, అందరూ బాధపడతారు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు 1923లో నోటి క్యాన్సర్ బయటపడింది. పదహారేళ్ళలో ముప్పైకి పైగా ఆపరేషన్లు, వాటితోపాటు రేడియం చికిత్స. చివరి రోజుల్లో క్యాన్సరూ, చచ్చిన ఎముకా కలిసి వచ్చిన వాసనకు, ఆయన ప్రాణంగా పెంచుకున్న కుక్క కూడా దగ్గరికి రాలేదు. మనుషుల మనసుల్ని లోకానికి విప్పి చెప్పిన మనిషికే అంత ఒంటరితనం దాపురిస్తే, మన పల్లెలో గొడ్ల సావిట్లో మంచం వేసుకుని వేరే కంచంలో తింటున్న పెద్దాయన సంగతేమిటి? వాసన అంటువ్యాధి కాదు. దాన్ని తగ్గించడానికి మందులున్నాయి, పుక్కిలింతలున్నాయి, చచ్చిన ముక్క తీయిస్తే చాలావరకు తగ్గుతుంది. డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పండి. ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకోకుండా పక్కన కూర్చుని మాట్లాడండి. మాట ముద్దగా వస్తోందని ఫోన్ తీయడం మానేసినవాళ్ళతో తీరిగ్గా మాట్లాడండి. నొప్పి మామూలు మాత్రలకు లొంగకపోతే అంతకంటే గట్టి మందులున్నాయి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించేందుకే పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. ‘చివరి దశలో ఉన్నవాళ్ళకే అది’ అన్న అపోహతో అక్కడికి వెళ్ళడం మానొద్దు.

గుట్కా తిన్నవాళ్ళను ‘నువ్వు చేసుకున్నదే కదా’ అనేవాళ్ళు చాలా ఇళ్ళలో ఉన్నారు. ఆ మాట ఇంకెవరూ అనవద్దని వేడుకుంటున్నాను. అలవాటు మాన్పించాలి, నిజమే. పొగాకు వాడుతూనే ఉంటే ఎముక మానడం కష్టం. కానీ తప్పు ఎత్తిచూపితే ఎవరూ మానరు. మానే రోజుల్లో పక్కన ఉండే మనిషి ఉంటే మానతారు.

చివరగా, రేడియేషన్ ఇంకా మొదలుకానివాళ్ళకు. ఇంత విన్నాక ‘అయితే ఈ కరెంటు అసలు వద్దు’ అని మీకు అనిపించవచ్చు. అలా అనుకోకండి. క్యాన్సర్ ప్రాణం తీస్తుంది, రేడియేషన్ ప్రాణం నిలబెడుతుంది. మొదలుపెట్టే ముందు పళ్ళన్నీ చూపించుకోండి. నిలవని పళ్ళు ఉంటే ముందే తీయించుకుని, ఆ గాయం మానడానికి కనీసం రెండు వారాలు గడువు ఇవ్వండి. ఆలస్యమవుతుందని ఎవరైనా విసుక్కుంటే, క్యాన్సర్ డాక్టరునూ పళ్ళ డాక్టరునూ ఒకరితో ఒకరు మాట్లాడమని అడగండి. ముసుగు కొలత తీసే రోజుకు ముందే పళ్ళ డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్ళిరండి.